రహదారి సెస్సు – అర్ధణా నుండి రూపాయి దాకా

'రహదారి' పారసీకం నుండి మనకు వచ్చిన మాట. 'రాహ్' అనగా బాట. మొగలాయీల కాలంలో 'రాహ్‌దారీ' అంటే బాటన పోయే సరుకుపై వసూలు చేసే సుంకం. సుంకం పేరే మనకు బాట పేరైంది. ఆ తరువాతి చరిత్ర ఈ వ్యుత్పత్తికి తగినట్లే నడిచింది.

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు మా దర్శి నెల్లూరు జిల్లాలోది. అందుచేత మా బాటల కథ మద్రాసు ఖజానాతో మొదలవుతుంది. 1857 తిరుగుబాటును అణచడానికైన వ్యయంతో ఆంగ్ల ప్రభుత్వం అప్పులపాలైంది. 1860లో జేమ్స్ విల్సన్ ఆదాయపు పన్ను తెచ్చాడు. 1865లో అది ముగిసింది. 1866లో మద్రాసు ప్రభుత్వం రోడ్ల కొరకు భూమి కౌలు విలువపై రూపాయికి అర్ధణా వంతున సెస్సు విధించింది. 1870లో మేయో ప్రభువు లోటు పూడ్చుకొనేందుకు రోడ్లు, విద్య, వైద్యం వంటి పద్దులను తగ్గించిన గ్రాంటుతో మద్రాసు వంటి ప్రభుత్వాలకు అప్పగించాడు. మరుసటి ఏటి స్థానిక నిధుల చట్టంతో భూమి సెస్సులో బడులు, ఆసుపత్రులు, పారిశుద్ధ్యం కూడా పాలు పంచుకొన్నాయి.

ఖజానాకు ఇబ్బంది కలిగినప్పుడు బాట సాధారణ పద్దు నుండి జారి సెస్సు మీద పడుతుందన్నమాట. కోవిడ్ వలన రాబడి పడిపోయిన 2020లోనూ ఇదే జరిగింది. ఆ సెప్టెంబరులో లీటరు పెట్రోలు, డీజిలుపై రూపాయి రహదారి సెస్సు వచ్చింది. ఆ రాబడి చూపి రహదారుల అభివృద్ధి సంస్థ బ్యాంకు అప్పు తెచ్చింది. అయినను 2021లో గుంతల రోడ్లపై రాష్ట్రమంతటా ఆందోళనలు జరిగాయి. 2024 నవంబరులో గుంతలు పూడ్చడాన్నే ఒక ప్రత్యేక కార్యక్రమంగా చేపట్టవలసి వచ్చింది.

ఎందుకిలా? జీతం ఆపితే ఉద్యోగి అడుగుతాడు. వడ్డీ ఆపితే అప్పిచ్చినవాడు అడుగుతాడు. మరమ్మతు ఆపితే రోడ్డు నోరెత్తదు. కొత్త రోడ్డుకు శిలాఫలకం ఉంటుంది, పూడ్చిన గుంతకు ఉండదు.

మా నల్లరేగడి వేసవిలో బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది. సకాలంలో పైపూత వేయకుంటే నీరు దిగి అడుగు పొర కదులుతుంది. ఆపైన మరమ్మతుతో పోదు, రోడ్డునే తిరిగి వేయాలి. ఈలోగా గుంటూరు యార్డుకు మిరప టిక్కీలు తోలే రైతు డీజిలులో సెస్సు కట్టి, గుంతల వలన పెరిగిన లారీ కిరాయి కూడా కడతాడు. ఖజానాకు మిగిలినట్లు కనబడే సొమ్ము అతని ఖర్చులో తేలుతుంది.

కనుక మిత్రులారా, బడ్జెట్టు చూసినప్పుడు కొత్త రోడ్ల అంకెతో ఆగక 'నిర్వహణ, మరమ్మతులు' అనే పద్దును కూడా చదవమని నా మనవి. మీ ప్రాంతపు రోడ్డు సెస్సుల పాత కథలు తెలిసినవారు చెబితే సంతోషిస్తాను.