జార్జ్ రోమ్నీ

జార్జ్ విల్కెన్ రోమ్నీ (1907 జులై 8 – 1995 జులై 26) అమెరికన్ మోటార్స్ కంపెనీ అధిపతిగా పేరు తెచ్చుకొని, 1963 నుంచి 1969 వరకు మిషిగన్ రాష్ట్ర గవర్నరుగా పనిచేసిన రిపబ్లికన్ నాయకుడు. మెక్సికోలోని మార్మన్ మతశాఖకు చెందిన వలస కుటుంబంలో పుట్టాడు. 1954లో కంపెనీ పగ్గాలు చేపట్టి, నాష్, హడ్సన్ కార్ల పేర్లను పక్కనపెట్టి, చిన్న కారు రాంబ్లర్‌నే నమ్ముకొని సంస్థను నష్టాల నుంచి గట్టెక్కించాడు.

అమెరికాలో గవర్నరును ప్రజలే ఎన్నుకుంటారు. అధికారాల రీత్యా అది మన ముఖ్యమంత్రి పదవి వంటిది. 1962 ఎన్నికలో గెలిచి రోమ్నీ 14 ఏళ్ల డెమొక్రాటిక్ పాలనకు తెరదించాడు. 1963లో ఓటర్లు ఆమోదించిన రాష్ట్ర రాజ్యాంగ రచనలో అతనిది ముఖ్యపాత్ర. మిషిగన్‌లో తొలి రాష్ట్ర ఆదాయపు పన్ను (వ్యక్తులపై 2.6 శాతం) 1967లో అతని హయాంలోనే వచ్చింది. అదే ఏడాది జులైలో రాష్ట్రంలోని డెట్రాయిట్ నగరంలో జరిగిన అల్లర్లలో 43 మంది మరణించారు.

వియత్నాం పర్యటనలో సైనికాధికారులు, దౌత్యవేత్తలు యుద్ధం విషయంలో తన బుర్ర కడిగేశారని 1967లో చేసిన వ్యాఖ్య అతని అధ్యక్ష పదవి ఆశలను దెబ్బతీసింది. 1968 ఫిబ్రవరిలో పోటీ నుంచి తప్పుకున్నాడు. అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వంలో గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి మంత్రిగా (1969–1973) శ్వేతజాతి శివారు కాలనీల్లో నల్లజాతీయులకూ ఇళ్లు దక్కేలా చేయబోతే అధ్యక్షుడే అడ్డుపడ్డాడు. కుమారుడు మిట్ రోమ్నీ మసాచుసెట్స్ గవర్నరుగా (2003–2007) పనిచేసి, 2012లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థిగా పోటీచేశాడు.