ఫోన్ సిమ్ తీసి డాంగిల్‌లో వేస్తున్నారా? ముందు ఓటీపీ సంగతి చూసుకోండి!

ఖమ్మం జిల్లా కారేపల్లి నుంచి ఇల్లందు వైపు వెళ్తే అడవి మొదలవుతుంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఫైబర్ కనెక్షన్ రాని ఇంట్లో ల్యాప్‌టాప్‌కు నెట్ కావాలంటే సిమ్మే దిక్కు. ఫోన్‌లోని సిమ్ తీసి డాంగిల్‌లో పెడితే చాలు కదా అనుకుంటారు. పనిచేస్తుంది కానీ, అన్నిసార్లూ కాదు.

జియోకు 2జీ, 3జీ లేవు. కాబట్టి పాత 3జీ డాంగిల్‌లో జియో సిమ్ వేస్తే నెట్ రాదు. జియోఫోన్ కోసం ఇచ్చే ప్లాన్లు ఆ ఫోన్‌లోనే నడుస్తాయి. కంపెనీ లాక్ ఉన్న డాంగిల్ వేరే నెట్‌వర్క్ సిమ్‌ను అసలు తీసుకోదు. అన్నీ సరిగ్గానే ఉన్నా నెట్ రాకపోతే సెట్టింగ్స్‌లో ఏపీఎన్ చూడండి. జియోకైతే జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కైతే బీఎస్ఎన్ఎల్‌నెట్ అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి.

అసలు చిక్కు ఓటీపీతోనే. బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు లింక్ అయిన నంబర్‌ను డాంగిల్‌లో వేస్తే మెసేజ్‌లు కూడా అక్కడికే పోతాయి. కొన్ని డాంగిళ్లలో వాటి సెట్టింగ్స్ పేజీ తెరిస్తే మెసేజ్ కనిపిస్తుంది, కొన్నింటిలో ఆ సౌకర్యమే ఉండదు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజున సిమ్ పీకి మళ్లీ ఫోన్‌లో వేసేలోపు ఓటీపీ టైం అయిపోతుంది. యూపీఐ యాప్ కూడా నంబర్‌ను మళ్లీ వెరిఫై చేయమని అడగొచ్చు.

అందుకే బ్యాంకు సిమ్‌ను కదపకండి, డేటాకు వేరే సిమ్ పెట్టుకోండి. ఇంట్లో పాత 4జీ ఫోన్ ఉంటే డాంగిల్ కొనే పని కూడా లేదు. ఆ సిమ్‌ను అందులో వేసి, సిగ్నల్ దొరికే కిటికీ దగ్గర పెట్టి హాట్‌స్పాట్ ఆన్ చేయండి.