రాబర్ట్ డవిలా

రాబర్ట్ డవిలా (జననం 1932) అమెరికాకు చెందిన బధిర విద్యావేత్త. 1989 నుంచి 1993 వరకు ఆ దేశ విద్యాశాఖలో ప్రత్యేక విద్య, పునరావాస సేవల విభాగానికి సహాయ కార్యదర్శిగా పనిచేశారు. ఫెడరల్ ప్రభుత్వంలో అంతకుముందు ఏ బధిరుడికీ అంత పెద్ద పదవి దక్కలేదు.

ఆయనది మెక్సికన్ మూలాలున్న వ్యవసాయ కూలీల కుటుంబం. కాలిఫోర్నియాలో ఉన్నా ఇంట్లో మాట్లాడేది స్పానిష్. ఎనిమిదో ఏట మెనింజైటిస్ సోకి వినికిడి పోయింది. ఇంటికి చాలా దూరంలో ఉన్న బర్క్‌లీ బధిరుల పాఠశాలలో చేరి, ఇంగ్లీషునూ సైగల భాషనూ అక్కడే నేర్చుకున్నారు. 1953లో బధిరుల ఉన్నత విద్యాసంస్థ అయిన గాలడెట్ కళాశాల (తర్వాత విశ్వవిద్యాలయం) నుంచి పట్టభద్రులయ్యారు. న్యూయార్క్ బధిరుల పాఠశాలలో పిల్లలకు లెక్కలు చెప్పారు. 1972లో సిరక్యూస్ విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ పొందారు.

1989లో వాషింగ్టన్‌లో ఆయన చేతికి వచ్చిన విద్యాశాఖ విభాగం బడి చదువునూ, పెద్దల ఉపాధి పునరావాసాన్నీ రెండింటినీ చూసేది. ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీలోనే ఎందరో యువకులు చదువు ముగిసీ ముగియగానే దారి తోచక మిగిలిపోయేవారు. 1990లో సవరించిన వికలాంగుల విద్యా చట్టం, విద్యార్థికి పదహారేళ్లు నిండేలోగా బడి తర్వాతి జీవితానికి ప్రణాళిక రాయాలని నిర్దేశించింది. దాన్ని అమల్లోకి తెచ్చే బాధ్యత డవిలా విభాగానిదే.

బధిరుల చదువుకు సంబంధించి ఆయన హయాంలో జరిగిన పనుల్లో ముఖ్యమైనది 1992 అక్టోబరులో విద్యాశాఖ ఇచ్చిన మార్గదర్శకం. వైకల్యమున్న పిల్లలను వీలైనంతవరకు మామూలు తరగతిలోనే చదివించాలన్నది చట్టం. బధిర పిల్లల విషయంలో ఈ మంచి ఉద్దేశం తరచూ ఎదురు తిరిగేది. టీచరు బోర్డువైపు తిరిగి మాట్లాడితే పెదవులు కనబడవు; పక్కనున్న పిల్లలకు సైగలు రావు; రోజంతా అందరి మధ్యా కూర్చున్నా ఒక్క మాటా అందదు. అందుకే ఆ మార్గదర్శకం, బిడ్డ ఏ బడిలో చదవాలో తేల్చేముందు ఆ బిడ్డకు వచ్చిన భాషనూ, సంభాషణకు కావలసిన ఏర్పాట్లనూ, తోటివారితో కలిసే అవకాశాన్నీ చూడాలంది. కొందరికి మామూలు తరగతి తగకపోవచ్చని కూడా స్పష్టం చేసింది. బధిరుల ప్రత్యేక పాఠశాలలకు ఇది పెద్ద అండ.

పదవి ముగిశాక తాను పాఠాలు చెప్పిన న్యూయార్క్ పాఠశాలకే అధిపతిగా వెళ్లారు. 1996లో రోచెస్టర్‌లోని జాతీయ బధిరుల సాంకేతిక సంస్థ పగ్గాలు చేపట్టిన తొలి బధిరుడయ్యారు. అధ్యక్ష నియామకంపై 2006లో విద్యార్థుల నిరసనలతో అట్టుడికిన గాలడెట్‌కు 2007 జనవరిలో అధ్యక్షుడిగా వచ్చారు. ఆ ఏడాది విశ్వవిద్యాలయ గుర్తింపే ప్రమాదంలో పడింది. 2008లో ఆ గుర్తింపు పూర్తిగా ఖరారైంది. 2009 చివర ఆయన తప్పుకోగా ఆ స్థానంలోకి మరో బధిర విద్యావేత్త అలన్ హర్విట్జ్ వచ్చారు.