ఢిల్లీ వింటేజ్ కార్ల ప్రదర్శనల్లో ఏం చూడాలి?

ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో పాత కార్లను ఒకేచోట చూసే అవకాశం తరచూ వస్తుంది. స్టేట్స్‌మన్ పత్రిక 1964లో మొదలుపెట్టిన ర్యాలీ, 2011లో మొదలైన 21 గన్ సెల్యూట్ ప్రదర్శన వీటిలో పేరున్నవి. జనం మాత్రం ఎక్కువగా కొత్తగా మెరిసే బండి చుట్టూనే మూగుతారు. పాత కారు విషయంలో అనుమానించాల్సింది ముందుగా ఆ మెరుపునే.

1920ల చివరి దాకా కార్ల లోహ భాగాలకు నికెల్ పూత వేసేవారు. అది కాస్త పసుపు ఛాయతో, మెత్తగా మెరుస్తుంది. నీలిఛాయ ఉండే క్రోమ్ ఆ తర్వాత వచ్చింది. కాబట్టి 1924 నాటి కారు రేడియేటర్ అద్దంలా తళతళలాడుతుంటే, పూత తర్వాతి కాలంలో వేసిందేనని దాదాపుగా అనుకోవచ్చు.

తర్వాత చూడాల్సింది తలుపు గడప. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోల్స్ రాయిస్ షాసీ, ఇంజిన్ చేసి ఇచ్చేది. పైన బాడీని బార్కర్, హూపర్ వంటి సంస్థలు కొనుగోలుదారు కోరినట్టు కట్టేవి. తలుపు తెరిస్తే కింద ఆ సంస్థ పేరున్న చిన్న ఫలకం చాలా కార్లలో కనిపిస్తుంది. ఒకే మోడల్ కార్లు రెండు ఒకలా ఉండకపోవడానికి కారణం ఇదే. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన ఆ 1912 కారుకు బాడీ కట్టింది బార్కర్. వెనుక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. కారు వచ్చేసరికి ఆయన లేరు, 1911లోనే కన్నుమూశారు.

రోల్స్ రాయిస్ బ్యాడ్జీ కథ కూడా తరచూ వినిపిస్తుంది. ఎర్ర అక్షరాలు నల్లగా మారింది 1933లో హెన్రీ రాయిస్ మరణానికి సంతాపంగానే అంటారు. వినడానికి బాగుంటుంది గానీ, నల్ల అక్షరాల కార్లు ఆయన బతికుండగానే వచ్చాయి. బానెట్ మీది బొమ్మ మరికాస్త నమ్మదగ్గ ఆధారం. 1911లో వచ్చిన ఆ నిలువు బొమ్మకు మోకాళ్ల మీద కూర్చున్న రూపం 1934లో తోడైంది. 1920ల కారు మీద అది కనిపిస్తే, తర్వాత పెట్టిందే.

ఇవన్నీ సరదా ఆరాలు మాత్రమే కావు. 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయాలంటే అది అసలు రూపంలో ఉండాలి. షాసీ, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. నంబరు ప్లేటులో రాష్ట్ర కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి, కొత్త నమోదుకు రుసుము రూ.20,000. రోజువారీ ప్రయాణాలకు మాత్రం వాడకూడదు. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బండ్లపై కోర్టుల ఆంక్షలు చూసిన ఎన్‌సీఆర్‌లో ఈ గుర్తింపు విలువ యజమానులకు బాగా తెలుసు.

ర్యాలీ రద్దీలో కారు దగ్గరికి వెళ్లడం కష్టమే. తీరిగ్గా చూడాలనుకునేవారికి హరియాణాలోని తావుడూలో 2013లో తెరిచిన హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం ఉంది.