పాత బుల్లెట్టుకు క్రొత్త కవాటము

ములుగు నుండి ఏటూరునాగారము పోవు రోడ్డుకు ఇరుప్రక్కల అడవి పల్లెలకు మట్టిబాటలు చీలిపోవును. ఆ బాటలపై ముప్పది నలువది యేండ్లనాటి బుల్లెట్టు నడపువానికి ఒకనాడు చిక్కు వచ్చును. కిక్కు కొట్టిన కాలికి ఎదురొత్తిడి తగులదు. ఇంజను పట్టదు. మెకానిక్కు ఒక్క మాటలో, "వాల్వు పోయింది" అనును. గాలివడపోత సరిగా లేనిచో దుమ్ము లోనికి చొచ్చి, వాల్వు కాడను, అది కదలు గొట్టమును అరగదీయును.

వాల్వు అనగా కవాటము, తలుపు. మన గుండెలోను ఇట్టి తలుపులే కలవు. బుల్లెట్టు సిలిండరుకు ఇవి రెండు: పెట్రోలు కలిసిన గాలిని రానిచ్చునది ఒకటి, కాలిన పొగను పోనిచ్చునది మరియొకటి. ఇంజను నిమిషమునకు 4,000 చుట్లు తిరిగినచో ప్రతి కవాటము 2,000 సార్లు, అనగా సెకనుకు 33 సార్లకు మించి, తెరచి మూయవలెను. పొగ కవాటము తల సుమారు 700 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కును. అందుచేతనే దానిని మామూలు ఇనుముతో గాక క్రోమియము వంటి లోహములు కలిపిన ఉక్కుతో చేయుదురు. రాజదూత్ వంటి టూస్ట్రోకు బండ్లకు ఈ బాధయే లేదు. అందు సిలిండరు గోడలోని రంధ్రములను పిస్టనే మూసి తెరచును.

ఇక ఈ ముక్క ఎక్కడ దొరకును? దీనికి జవాబు చరిత్రలో ఉన్నది. బుల్లెట్టు ఇంగ్లండులో పుట్టినది. మట్టిదారి దానికి క్రొత్త కాదు. 1948లో ఇటలీలో జరిగిన ఆరు దినముల అంతర్జాతీయ పోటీలో రెండు బుల్లెట్లు బంగారు పతకములు గెలిచినవి. 1952లో మన సైన్యము ఈ బండ్లకు ఆర్డరు ఇచ్చెను. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడినది. తిరువొత్తియూరు కర్మాగారమున మొదట విడిభాగములను బిగించుటయే పని. పిమ్మట ఆ భాగములనే అక్కడ తయారుచేయసాగిరి. ఇంగ్లండులోని సంస్థ 1970లో మూతబడినది. కాని ఇక్కడ ఆ 70 మిల్లీమీటర్ల వ్యాసము, 90 మిల్లీమీటర్ల నడక గల 346 ఘన సెంటీమీటర్ల ఇంజను పెద్ద మార్పులు లేకయే దశాబ్దములు నడచినది. 1977 నుండి ఇంగ్లండుకే ఎగుమతి అయినది! కొలతలు మారకుండుటయే పాతబండికి ఆయుష్షు పోసినది.

కవాటముల తయారీయు మనదేశమున వేరూనినది. 1959లో మద్రాసున పుట్టిన రాణే వారి ఇంజను వాల్వుల సంస్థ తరువాత హైదరాబాదునందును కర్మాగారము నెలకొల్పినది.

అయినను ఒక మెలిక కలదు. 2000 ప్రాంతమున ఆస్ట్రియా సంస్థ ఏ.వి.ఎల్. సాయముతో రూపొందిన ఇంజనును, పిమ్మట వచ్చిన మరియొక ఇంజనును వేరు జాతివి. బండి పేరొకటే, కవాటము వేరు. కావున దాదాపు 50 కిలోమీటర్ల దూరమున ఉన్న వరంగల్లుకు పోవువాడు "బుల్లెట్టు వాల్వు" అని అడిగి ఊరకుండరాదు. పాత కవాటమునే వెంట తీసికొనిపోయి, తల వ్యాసము, కాడ లావు, పొడవు కొలిపించవలెను. గొట్టము, స్ప్రింగు, స్ప్రింగును కాడకు పట్టియుంచు రెండు సగపు ముక్కలు కూడ చూచుకొనవలెను. అరిగిన గొట్టములో క్రొత్త కవాటము వేయుట డబ్బు దండుగ.

బిగించిన పిదప ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ప్రక్కమూత తీసి కవాటమును నెట్టు కడ్డీని వ్రేళ్ళతో త్రిప్పి చూడవలెను. అది తేలికగా తిరుగవలెను. కాని పైకి క్రిందికి ఆడరాదు.