గరివిడి రాయి నుండి అయస్కాంతపు అణువు వరకు

చీపురుపల్లి, గరివిడి ప్రాంతాల వారికి మాంగనీసు రాయి కొత్త కాదు. నల్లగా, చేతికి బరువుగా ఉంటుంది. అయస్కాంతాల పాఠంలో మాత్రం ఇనుము, నికెలు, కోబాల్టు అనే మూడు పేర్లే చెబుతాం, మాంగనీసును తలవం. శుద్ధమైన మాంగనీసు లోహం అయస్కాంతానికి అంటుకోదు గదా! ఐనా గరివిడి రాళ్లలో ఒకటి గట్టిగా అంటుకున్నది. దాని కథ చెప్పుకోదగినది.

మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో ఈ ప్రాంతంలోనే, నాటి విశాఖపట్నం జిల్లాలో, మొదలైంది. ఖనిజం ఓడలెక్కి విదేశాల ఉక్కు కర్మాగారాలకు పోయింది. భూగర్భ పరిశోధన శాఖకు చెందిన ఫెర్మర్ దేశంలోని మాంగనీసు నిక్షేపాలన్నిటినీ పరిశీలించి 1909లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. ఇక్కడి ఒక శిలకు కోడూరు గని పేర కోడూరైట్ అని పేరు పెట్టిందీ ఆయనే. నాగపూరు ప్రాంతపు బెల్‌డోంగ్రీలోను, మన గరివిడిలోను దొరికిన బలమైన అయస్కాంత ఖనిజాన్ని తన సహోద్యోగి పేర వ్రేడెన్‌బర్గైట్ అన్నాడు. అది ఒకే ఖనిజం కాదనీ, జాకబ్‌సైట్, హాస్‌మనైట్ అనే రెండిటి కలయిక అనీ తరువాత తేలింది. ఆకర్షణకు కారణం జాకబ్‌సైట్. అందులో మాంగనీసుతోపాటు ఇనుము కూడా ఉన్నది.

"ఇనుముంటే అంటుకోవడంలో వింతేమి?" అని విద్యార్థి అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఇనుము లేకుండా, రాయీ లోహమూ కాకుండా, ఒక్క అణువే అయస్కాంతం కాగలదా?

ప్రతి ఎలక్ట్రానూ ఒక చిన్న అయస్కాంతం. జంటగా ఉన్నవి ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఒంటరి ఎలక్ట్రాన్లే మిగులుతాయి. మాంగనీసు పరమాణువులో ఇవి ఐదు. కాని లోహంలో ఇరుగుపొరుగు పరమాణువులు ఎదురెదురుగా నిలిచి ఫలితాన్ని చెరుపుకుంటాయి. కొరత బలానికి కాదు, పొందికకు.

1980లో పోలండు శాస్త్రజ్ఞుడు లిస్ పన్నెండు మాంగనీసు పరమాణువులున్న ఒక అణువు నిర్మాణాన్ని ప్రకటించాడు. దానిని తయారుచేసేది మన ప్రయోగశాలల్లో ఉండే పొటాషియం పర్మాంగనేటు, మాంగనీసు ఎసిటేటు, ఎసిటిక్ ఆమ్లాలతోనే. ఈ అణువులో మూడు ఎలక్ట్రాన్లు కోల్పోయిన మాంగనీసులు ఎనిమిది. ఒక్కొక్కదానిలో నాలుగు ఒంటరి ఎలక్ట్రాన్ల వంతున మొత్తం 32. నాలుగు కోల్పోయినవి నాలుగు. మూడేసి వంతున 12. ఈ రెండు గుంపులూ ఎదురెదురుగా నిలిచినా సరిసమానం కావు. 32లో 12 పోగా 20 మిగులుతాయి.

ఫ్లారెన్సులో గాటెస్కీ, రోబెర్టా సెసోలీ, వారి సహచరులు 1993లో మరొక విశేషం ప్రకటించారు. 2 కెల్విన్ వద్ద ఈ అణువుల అయస్కాంతత్వం సడలడానికి నెలలు పడుతుంది. అంటే ఒక్కొక్క అణువు తనపై రాసిన గుర్తును నిలుపుకొంటున్నదన్న మాట!

విద్యుత్తు కథ కూడా ఇటువంటిదే. కర్బన పదార్థాలు విద్యుత్తును ప్రసరింపనీయవని చాలాకాలం నమ్మాము. 1973లో రెండు కర్బన అణువులు కలిసిన స్ఫటికం లోహంవలె విద్యుత్తును ప్రసరింపజేసింది. 2000లో స్పెయిను దేశపు కొరొనాడో బృందం ఈ రెండు గుణాలనూ ఒకే స్ఫటికంలో కూర్చింది. ఒక పొర కర్బన అణువులది, విద్యుత్తును మోస్తుంది. మరొక పొర మాంగనీసు, క్రోమియం ఆక్సలేటులది, అయస్కాంతమవుతుంది. ఇక్కడా మన మాంగనీసే!

ఐతే చలి పెద్ద అడ్డంకి. మాంగనీసు అణువు జ్ఞాపకశక్తి సుమారు 4 కెల్విన్ లోపు, అంటే సున్నకు దిగువ 269 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కనబడుతుంది. దానికి ఖరీదైన ద్రవ హీలియం కావాలి. డిస్ప్రోసియం అణువులతో 2018లో 80 కెల్విన్‌కు, 2025లో 100 కెల్విన్‌కు చేరారు. ద్రవ నత్రజని 77 కెల్విన్ వద్దనే మరుగుతుంది గనుక ఇది గొప్ప ముందడుగు. గది వేడికి ఇంకా 200 డిగ్రీల దూరం ఉన్నది.

ఉపాధ్యాయులు ఈసారి అయస్కాంతపు పాఠంలో గరివిడి రాళ్లు కొన్ని తెప్పించి పిల్లలచేత పరీక్షింపజేయాలి. ఏది అంటుకుంటుంది, ఏది అంటుకోదు, ఎందుకు? రాయి మన నేలది. దాని అణువులలోని రహస్యం పరదేశాల్లో బయటపడింది. మిగిలిన ఆ 200 డిగ్రీలలో కొన్నింటినైనా మన పిల్లలు దాటాలంటే, ఆ "ఎందుకు" బడిలోనే మొదలు కావాలి.