జుట్టు ఎందుకు రాలుతుంది? ఏ చికిత్స ఎవరికి పనికొస్తుంది? క్లినిక్‌కు వెళ్లే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ ఎలా చేయాలో వర్క్‌షాపుల్లోనో, యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకుంటే సరిపోదు. 2022 సెప్టెంబరులో జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) డాక్టర్లకు ఈ మాటను రాతపూర్వకంగా చెప్పాల్సి వచ్చింది.

అంతకు ముందు ఏడాది దిల్లీలో ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్న ఓ యువకుడు చనిపోయారు. ఆ కేసు విచారణలో దిల్లీ హైకోర్టు ఇలాంటి క్లినిక్‌లకు మార్గదర్శకాలు ఉండాలని చెప్పింది. ఆ తర్వాతే ఎన్‌ఎంసీ నిబంధనలు వచ్చాయి. అయినా మరణాలు ఆగలేదు. కాన్పూర్‌లో ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఇద్దరు ఇంజినీర్లు కొన్ని నెలల తేడాతో మరణించారు. ఈ వ్యవహారంలో 2025లో ఓ దంతవైద్యురాలిపై పోలీసులు కేసు నమోదు చేశారు.

అదే ఏడాది మార్చిలో పంజాబ్‌లోని సంగ్రూర్‌లో జుట్టు రాలడం ఆపుతామంటూ పెట్టిన శిబిరంలో తలకు నూనె రాయించుకున్న పదుల మంది కళ్ల మంటలతో ఆసుపత్రి పాలయ్యారు. ఆ తర్వాతి నెలలో బట్టతలపై జుట్టు మొలిపిస్తామన్న ప్రచారం విని హైదరాబాద్‌లోని ఉప్పల్‌లో జనం బారులు తీరారు.

జుట్టు రాలుతుంటే కలిగే కంగారు మామూలుది కాదు. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంట్లో అది మరీ ఎక్కువ. ఆ కంగారులో చాలామంది నేరుగా ‘ఏ చికిత్స మంచిది?’ అని వెతకడం మొదలుపెడతారు. కానీ దానికంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది: జుట్టు ఎందుకు రాలుతోంది?

రోజుకు ఎన్ని వెంట్రుకలు రాలితే మామూలు?

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ప్రతి వెంట్రుకకూ ఒక చక్రం ఉంటుంది. రెండు నుంచి ఆరేళ్ల పాటు పెరుగుతుంది, రెండు మూడు వారాల్లో ఎదుగుదల ఆగుతుంది, మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. తర్వాత అదే కుదురు నుంచి కొత్తది వస్తుంది. ఈ లెక్కన రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజమే. తలస్నానం చేసిన రోజు ఇంకాస్త ఎక్కువ కనిపించవచ్చు.

దువ్వెనలో ఎన్ని వచ్చాయన్నదాని కంటే చూడాల్సినవి వేరే ఉన్నాయి. పాపిడి వెడల్పవుతోందా? జడ సన్నబడుతోందా? నుదుటి అంచు వెనక్కి జరుగుతోందా? కొత్తగా వచ్చే వెంట్రుకలు మునుపటి కంటే పలచగా ఉన్నాయా?

జుట్టు రాలడంలో ముఖ్యమైన రకాలు

ఒక్కసారిగా కుచ్చులుగా రాలడం: డెంగీ, టైఫాయిడ్, కోవిడ్ లాంటి జ్వరాలు, ప్రసవం, పెద్ద ఆపరేషన్, తిండి బాగా తగ్గించి వేగంగా బరువు తగ్గడం వంటివి జరిగిన రెండు మూడు నెలలకు ఇది మొదలవుతుంది. శరీరానికి తగిలిన దెబ్బతో ఎక్కువ వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లిపోవడమే కారణం. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియమ్ అంటారు. జ్వరం వచ్చి వెళ్లిన సంగతి అప్పటికి మరచిపోతాం కాబట్టి నీళ్లనో, షాంపూనో తప్పుపడతాం. కుదుళ్లు చెడిపోవు. సాధారణంగా ఆరు నెలల్లోపు రాలడం తగ్గి, జుట్టు మళ్లీ వస్తుంది. ఈ దశలో ఏ నూనె వాడినా పనిచేసినట్టే కనిపిస్తుంది. చాలా నూనెలకు పేరు రావడానికి ఇదొక కారణం.

వంశపారంపర్యంగా పలచబడటం: మగవారిలో అత్యధికంగా కనిపించేది ఇదే. టెస్టోస్టెరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్‌కు నుదురు, నడినెత్తి మీది కుదుళ్లు అతిగా స్పందిస్తాయి. ఏటికేడాది కుదురు చిన్నదై వెంట్రుక నూగులా మారుతుంది. తల వెనుక, చెవుల పైన ఉండే జుట్టు మాత్రం నిలుస్తుంది. ఈ లక్షణం తల్లి వైపు నుంచే వస్తుందని, మేనమామను చూస్తే తెలిసిపోతుందని అంటుంటారు. నిజానికి ఇరువైపుల జన్యువులకూ ఇందులో పాత్ర ఉంది. ఆడవారిలో నుదుటి అంచు అలాగే ఉండి పాపిడి దగ్గర పలచబడుతుంది. దాంతో పాటు నెలసరి క్రమం తప్పడం, ముఖంపై రోమాలు ఉంటే పీసీఓఎస్ ఉందేమో చూడాలి.

పేనుకొరుకుడు: రూపాయి బిళ్లంత మేర నున్నగా జుట్టు ఊడిపోతుంది. పేరులో పేను ఉన్నా దీనికి పేలతో సంబంధం లేదు. రోగనిరోధక వ్యవస్థ సొంత కుదుళ్లపైనే దాడి చేయడం వల్ల వస్తుంది. చిన్న మచ్చలు చాలాసార్లు వాటంతట అవే పూడుకుంటాయి, లేదా స్టెరాయిడ్ ఇంజెక్షన్లకు లొంగుతాయి. తీవ్రమైన దశకు బారిసిటినిబ్ అనే మాత్రను అమెరికా ఎఫ్‌డీఏ 2022 జూన్‌లో ఆమోదించింది.

మచ్చ మిగిల్చే రకం: మాడు మీద దురద, మంట, ఎర్రదనం ఉండి, జుట్టు పోయిన చోట చర్మం మెరుస్తూ గట్టిపడితే ఆలస్యం చేయకూడదు. ఈ రకంలో కుదురు శాశ్వతంగా పోతుంది. మిగిలిన జుట్టును కాపాడుకోవడానికి సమయమే కీలకం.

ఇవి కాక రక్తహీనత, థైరాయిడ్ సమస్యలు, జుట్టును రోజూ బిగించి కట్టడం, పిల్లల్లో తామర కూడా కారణాలు కావచ్చు. మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఐరన్ లోపం ఉన్న మహిళ వేల రూపాయల సీరమ్‌లు రాసుకున్నా అసలు సమస్య అలాగే ఉంటుంది.

పోషకాలు తక్కువైనా, ఎక్కువైనా జుట్టు రాలుతుంది. 2024 చివర్లో మహారాష్ట్రలోని బుల్ధానా జిల్లా షేగావ్ ప్రాంతపు గ్రామాల్లో వందల మందికి కొద్ది రోజుల్లోనే జుట్టు ఊడిపోయింది. ఐసీఎంఆర్ బృందాలు అక్కడికి వెళ్లాయి. రేషన్ గోధుమల్లో సెలీనియం మోతాదు మించి ఉండటమే కారణమని డాక్టర్ హిమ్మత్‌రావ్ బవాస్కర్ తన పరిశీలనలో చెప్పారు. సెలీనియం, విటమిన్ ‘ఎ’ ఉన్న ‘జుట్టు మాత్రల’ను ఇష్టానుసారం మింగేవారికి ఇదొక హెచ్చరిక. బయోటిన్ కూడా లోపం ఉన్నవారికే మేలు చేస్తుంది. పైగా అది థైరాయిడ్, గుండెపోటు రక్తపరీక్షల ఫలితాలను తప్పుగా చూపించగలదు. పరీక్షలకు ముందు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి.

ముందుగా ఎవరిని కలవాలి?

చర్మవ్యాధి నిపుణులను. వారు గత ఆరు నెలల్లో వచ్చిన జ్వరాలు, వాడుతున్న మందులు, ఇంట్లోవారి జుట్టు గురించి అడుగుతారు. డెర్మాస్కోప్‌తో మాడును పెద్దది చేసి చూస్తారు. అవసరాన్ని బట్టి హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు రాస్తారు. మచ్చ మిగిల్చే రకమని అనుమానం వస్తే చిన్న చర్మపు ముక్క తీసి పరీక్షిస్తారు. ఇవేవీ చూడకుండా మొదటి పది నిమిషాల్లోనే ప్యాకేజీ ధర చెప్పే చోటు నుంచి లేచి రావడం మేలు.

మందులు ఏం చేయగలవు, ఏం చేయలేవు?

వంశపారంపర్య బట్టతలకు గట్టి ఆధారాలున్న మందులు రెండు.

మినాక్సిడిల్: ఇది మొదట రక్తపోటుకు వాడిన మాత్ర. వాడినవారికి ఒంటి మీద రోమాలు పెరగడం గమనించి తలకు రాసే మందుగా మార్చారు. 1988లో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది. స్త్రీ పురుషులిద్దరూ వాడవచ్చు. మొదటి కొన్ని వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. పాత వెంట్రుకలను కొత్తవి తోసేయడం వల్ల అలా జరుగుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే చాలామంది భయపడి మానేస్తారు. ఫలితం తేలడానికి కనీసం నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మానేస్తే కొన్ని నెలల్లో పాత స్థితికి వస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు.

ఫినాస్టెరైడ్: రోజుకు 1 మిల్లీగ్రాము మాత్ర. డీహెచ్‌టీని తగ్గిస్తుంది. మగవారి బట్టతలకు 1997లో ఎఫ్‌డీఏ ఆమోదం పొందింది. ఉన్న జుట్టును నిలపడంలో దీని బలం ఎక్కువ. కొద్దిమందిలో లైంగిక కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్యలు వస్తాయి. ఆత్మహత్య ఆలోచనలు ఈ మందు దుష్ప్రభావాల్లో ఒకటని 2025 మేలో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ భద్రతా కమిటీ నిర్ధారించింది. మందు వల్ల ప్రయోజనాలే ఎక్కువని కూడా చెప్పింది. కుంగుబాటు ఉన్నవారు ఆ విషయం దాచకూడదు. ప్రొస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ పరీక్షలో విలువ సుమారు సగానికి తగ్గి కనిపిస్తుంది. గర్భిణులు ఈ మాత్ర పొడిని తాకనేకూడదు. మగ శిశువు ఎదుగుదలకు హాని జరగవచ్చు.

ఈ రెండూ నున్నబడిన చోట అడవిని మొలిపించలేవు. పలచబడుతున్న దశలో మొదలుపెట్టినవారికే ఎక్కువ ఉపయోగం.

సొంత రక్తం నుంచి ప్లాస్మా తీసి మాడులోకి ఎక్కించే పీఆర్‌పీ కొందరిలో జుట్టు మందాన్ని పెంచుతుంది. కానీ తయారీ పద్ధతి, సిట్టింగ్‌ల సంఖ్య క్లినిక్‌కొకటిగా ఉంటాయి. దీన్ని మందులకు తోడుగానే చూడాలి. ఇక ఎక్సోజోమ్‌ల పేరుతో చేసే ఇంజెక్షన్లకు ఎఫ్‌డీఏ ఆమోదం లేదు.

ప్రకటనల విషయంలో మన చట్టం స్పష్టంగా ఉంది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లోని షెడ్యూల్ ‘జె’లో కొన్ని వ్యాధుల పేర్లున్నాయి. వాటిని నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. ఆ జాబితాలో బట్టతల ఉంది.

ట్రాన్స్‌ప్లాంట్‌తో కొత్త జుట్టు పుట్టదు

తల వెనుక ఉన్న కుదుళ్లను తీసి ముందు నాటడమే హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్. న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1950ల్లో దీన్ని నిరూపించారు. వెనుక నుంచి తెచ్చిన కుదురు ముందు నాటినా తన పాత గుణాన్నే నిలుపుకుంటుంది. డీహెచ్‌టీకి లొంగదు.

తల వెనుక నుంచి సన్నని చర్మపు పట్టీ తీసి కుదుళ్లను విడదీయడం ఎఫ్‌యూటీ పద్ధతి. గీతలా మచ్చ మిగులుతుంది. కుదుళ్లను ఒక్కొక్కటిగా తీయడం ఎఫ్‌యూఈ. చుక్కల్లాంటి మచ్చలు ఉంటాయి. మచ్చే లేని పద్ధతి లేదు. ఒక్కో గ్రాఫ్ట్‌లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. వెనుక ఉన్న నిల్వ పరిమితం. చాలామందికి జీవితమంతా కలిపి కొన్ని వేల గ్రాఫ్ట్‌లకు మించి తీయలేరు. 22 ఏళ్ల కుర్రాడికి నుదుటి అంచు కిందికి తెచ్చి 3,000 గ్రాఫ్ట్‌లు వాడేస్తే, 35 ఏళ్లకు నడినెత్తి ఖాళీ అయినప్పుడు నాటడానికి ఏమీ మిగలదు. ముందు జుట్టు ఒక ద్వీపంలా నిలుస్తుంది. అందుకే అనుభవమున్న సర్జన్లు చిన్న వయసువారిని ముందు మందులు వాడి చూడమంటారు. ఆపరేషన్ తర్వాత కూడా పాత జుట్టు రాలకుండా మందులు కొనసాగించాలి.

నాటిన జుట్టు రెండు నుంచి ఆరు వారాల్లో రాలిపోతుంది. కుదురు మాత్రం లోపలే ఉంటుంది. మూడు నాలుగు నెలలకు మొలక మొదలై, పూర్తి ఫలితం ఏడాదికి తెలుస్తుంది. టెలోజెన్ ఎఫ్లూవియమ్ ఉన్నవారికి ఈ ఆపరేషన్ అక్కర్లేదు. చురుగ్గా ఉన్న పేనుకొరుకుడులో, మచ్చ మిగిల్చే రకంలో చేస్తే నాటినవీ పోతాయి.

సంతకం పెట్టే ముందు అడగాల్సినవి

ఇది గంటల తరబడి సాగే ఆపరేషన్. మాడులోకి ఎక్కించే లిగ్నోకైన్ మత్తుమందుకు బరువును బట్టి మోతాదు పరిమితి ఉంటుంది. అది దాటినా, అలర్జీ వచ్చినా నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఈ ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగాలి.

• ఆపరేషన్ చేసేది ఎవరు? చర్మవైద్యంలో గానీ, ప్లాస్టిక్ సర్జరీలో గానీ పీజీ చేసి, ఈ శస్త్రచికిత్సలో శిక్షణ పొందినవారు చేయాలన్నది ఎన్‌ఎంసీ నిబంధనల సారాంశం. ముఖ, దవడ శస్త్రచికిత్సలో పీజీ చేసిన దంతవైద్యులు కూడా చేయవచ్చని డెంటల్ కౌన్సిల్ గతంలో చెప్పింది. చర్మవైద్యులు దాన్ని వ్యతిరేకిస్తున్నారు. డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుని వైద్య మండలి వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

• డాక్టర్ ఎంతసేపు ఉంటారు? కోతలు, మత్తుమందు టెక్నీషియన్లకు వదిలేస్తారా?

• ఆక్సిజన్, అత్యవసర మందులు, వాటిని వాడగలిగినవారు ఉన్నారా? దగ్గర్లోని ఐసీయూ ఏది?

• బీపీ, షుగర్, గుండె జబ్బు, అలర్జీలు, రక్తం పలచబరిచే మందుల గురించి అడిగారా?

• ఎన్ని గ్రాఫ్ట్‌లు నాటుతారు, వెనుక ఎన్ని మిగులుతాయి? రాసిస్తారా?

‘నూరు శాతం గ్యారంటీ’, ‘ఈ రోజు కడితేనే డిస్కౌంట్’, ‘ఎన్ని గ్రాఫ్ట్‌లైనా ఒకే రేటు’ అంటే అనుమానించాలి. ఎక్కువ గ్రాఫ్ట్‌లు తీస్తే వెనుక భాగం చిమటలు తిన్న బట్టలా తయారవుతుంది. దాన్ని సరిచేయడం మొదటి ఆపరేషన్ కంటే కష్టం.

విగ్గు, గుండు సంగతేంటి?

గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న నమ్మకంతో పిల్లలకు రెండు మూడుసార్లు చేయించేవారున్నారు. కత్తి కుదురును తాకదు, కాబట్టి వెంట్రుకల సంఖ్య మారదు. మొద్దుగా తెగిన కొస వల్ల గరుకుగా అనిపిస్తుందంతే. అయితే పలచబడిన జుట్టును పూర్తిగా తీసేయడం ఖర్చు లేని మార్గమే.

కీమోథెరపీ తీసుకుంటున్నవారికి, పేనుకొరుకుడు తల మొత్తం వ్యాపించినవారికి విగ్గు మంచి ఆసరా. ఆడవారికి సవరాలు ఎప్పటి నుంచో అలవాటే. తిరుమలలో భక్తులు సమర్పించే తలనీలాలను టీటీడీ వేలం వేస్తుంది. సహజమైన జుట్టుతో చేసే విగ్గుల పరిశ్రమకు ఇలాంటి జుట్టే ముడిసరుకు.

ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత జ్వరం, ముఖం విపరీతంగా వాయడం, చీము, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే క్లినిక్ ఫోన్ కోసం ఎదురుచూడకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. డాక్టర్‌పై ఫిర్యాదు రాష్ట్ర వైద్య మండలికి, క్లినిక్‌పై జిల్లా వైద్యారోగ్య అధికారికి చేయవచ్చు. పరిహారం కోసం వినియోగదారుల కమిషన్ ఉంది. వీటన్నిటికీ బిల్లు, సంతకం చేసిన అంగీకార పత్రం కాపీ, వాడిన మందుల వివరాలు కావాలి. అవి ఆపరేషన్ రోజే అడిగి తీసుకోవాలి.